పిల్లాడు పీఐసీయూలో (పిల్లల ఐసీయూ), మేము తలుపు బయట. అన్ని ఆసుపత్రుల్లోనూ ఇంతేనా?

బన్నీ_వాళ్ళమ్మ | ఆదివారం రాత్రి 11:50
మా బాబుకి ఐదేళ్లు, పదహారు కిలోలు. సోమవారం జ్వరం మొదలైంది. టౌన్‌లో టెస్ట్ చేయిస్తే డెంగీ అన్నారు. సిరప్ వేస్తూ ఇంట్లోనే చూసుకున్నాం. శుక్రవారం పొద్దున ఒళ్లు చల్లబడింది, జ్వరం తగ్గిందని దేవుడికి దండం పెట్టుకున్నాను. సాయంత్రం నుంచి కడుపునొప్పని మెలికలు తిరిగాడు, నాలుగైదు వాంతులయ్యాయి. నీరసంగా ఉన్నాడు, కాసేపు పడుకోనిద్దాం అనుకున్నాం. రాత్రి పాదాలు పట్టుకుంటే ఐసుగడ్డల్లా ఉన్నాయి. పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసేస్తున్నాడు. 108లో విజయవాడ తీసుకొచ్చాం. శనివారం తెల్లవారుజామున పీఐసీయూలో చేర్చారు, నిన్న రాత్రి వెంటిలేటర్ పెట్టారు.

లోపలికి తీసుకెళ్లిన పావుగంటకి ఒక సిస్టర్ బయటికొచ్చి చిన్న ప్లాస్టిక్ కవర్ నా చేతిలో పెట్టింది. అందులో వాడి మొలతాడు, తాయెత్తు, చొక్కా. కత్తిరించి తీశారు. ఆ కవర్ ఇప్పటికీ నా ఒళ్లోనే ఉంది.

పొద్దున పదకొండుకి పది నిమిషాలు, సాయంత్రం ఐదుకి పది నిమిషాలు. ఒక్కరినే పంపుతారు. ఇవాళ సాయంత్రం వెళ్తే రెండు చేతులూ గాజుగుడ్డతో మంచానికి కట్టి ఉన్నాయి. కంటి చివర నీళ్లు. ఏడుస్తున్నాడా అంటే "మత్తులో ఉన్నాడమ్మా, ఏం తెలీదు" అన్నారు. వాడికి నేను లేకుండా నిద్ర కూడా రాదు. నేను ఒక మూల కూర్చుంటే ఎవరికేం అడ్డం? అన్నిచోట్లా ఇలాగేనా? వాడికి నా మాట వినిపిస్తుందా? ఎవరైనా చెప్పండి.

వరంగల్_శ్రీను | 11:58
దాదాపు అన్నిచోట్లా ఇంతే. మా పాపప్పుడు రోజుకి ఒక్కసారే పంపిన్రు. ధైర్యంగా ఉండక్కా.

రాజమండ్రి_సుబ్బు | సోమవారం 12:04
ప్లేట్‌లెట్లు ఎంతున్నాయి? బొప్పాయి ఆకు రసం పట్టించండి, మా వాళ్లకి ఒక్కరోజులో లేచాయి. డాక్టర్లకి చెప్పినా ఒప్పుకోరు, మనమే పోసేయాలి.

సిస్టర్_గ్రేసీ | 12:09
సుబ్బు గారూ, పిల్లాడి నోట్లో గొట్టం ఉంది. ఒక్క చుక్క కూడా పోయకూడదు. దయచేసి ఇలాంటివి రాయకండి, చదివినవాళ్లు చేసేస్తారు.

అమ్మా, పద్నాలుగేళ్లుగా పీఐసీయూలోనే పనిచేస్తున్నాను. మీరు చూసినవి ఒక్కొక్కటే చెప్తాను.

చేతులు కట్టడం శిక్ష కాదు. మత్తు కాస్త తేలికయ్యిందంటే పిల్లలు ముందు చేసే పని నోట్లో గొట్టం లాగేయడమే. ఒకసారి నా కళ్లముందే నాలుగేళ్ల పాప లాగేసింది. మళ్లీ వేసేలోపు ఆ రెండు నిమిషాలు మేం పడ్డ పాట్లు దేవుడికే తెలుసు. అందుకే గాజుగుడ్డ కింద దూది పెట్టి వదులుగా కడతాం. వేళ్లు ఎర్రగా, వెచ్చగా ఉన్నాయో లేదో మధ్యమధ్యలో చూస్తాం. మీరూ చూడొచ్చు. లోపలికి వెళ్లినప్పుడు "నేనున్నంతసేపు కట్లు విప్పి చెయ్యి పట్టుకోనా?" అని అడగండి. చాలామంది సిస్టర్లు ఒప్పుకుంటారు.

కళ్లు ఎండిపోకుండా మందు రాస్తాం, అది కరిగి కారుతుంది. అలాగని అది ఏడుపు కాదని కూడా నేను చెప్పలేను. "మత్తు సరిపోతోందా, నొప్పి ఉందా" అని డాక్టర్‌ని అడగండి. అడగాల్సిన మాటే అది, మొహమాటం వద్దు.

ఇంకొకటి. ఇంట్లో వాడిని ఏమని పిలుస్తారో డ్యూటీ సిస్టర్‌కి చెప్పండి. కేస్ షీట్ మీద పెద్ద పేరుంటుంది. ఆ పేరుతో పిలిస్తే ఐదేళ్ల పిల్లాడికి అది తనని కాదనిపిస్తుంది. మేం సక్షన్ (గొట్టంలోంచి కఫం లాగడం) చేసేటప్పుడు, రెండు గంటలకోసారి పక్కకి తిప్పేటప్పుడు చెప్పే చేస్తాం, "బన్నీ, కొంచెం దగ్గొస్తుంది నాన్నా" అని. వింటారు. గుండె వేగం మారడం మానిటర్ మీద కనిపిస్తుంది.

బన్నీ_వాళ్ళమ్మ | 12:15
పేరు చెప్పలేదు సిస్టర్. వాళ్లు ఫైల్లో ఉన్న పేరుతోనే పిలుస్తున్నారు. ఇప్పుడే వెళ్లి తలుపు కొట్టి చెప్తాను.

పిల్లల_డాక్టర్_కర్నూలు | 12:31
గ్రేసీ గారు చెప్పిందాంట్లో నేను చేర్చాల్సింది తక్కువే. డెంగీ గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ తల్లి "జ్వరం తగ్గింది" అని సంతోషించిన ఆ పూటే అసలు ప్రమాదం మొదలైంది. ఇందులో ఆమె తప్పేం లేదు. నా దగ్గరికొచ్చే తల్లిదండ్రుల్లో చాలామందిది ఇదే కథ.

డెంగీలో మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య, సరిగ్గా జ్వరం దిగే సమయంలో, సన్నటి రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోతుంది. రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. కారిన నీరు పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చల్లటి చేతులు కాళ్లు, మగతగా పడుండటం, మూత్రం తగ్గడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ ముట్టుకోవద్దు.

ఈ నీరు కారడం సాధారణంగా ఒకటి రెండు రోజులే. ఆ టైమ్‌లో గంటగంటకీ లెక్కచూసి సెలైన్ ఇవ్వాలి. తక్కువైతే షాక్. ఎక్కువైతే, తర్వాత బయటికి పోయిన నీరంతా తిరిగి రక్తంలోకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తులు తట్టుకోలేవు. పీఐసీయూలో అసలు వైద్యం ఈ లెక్కే. మెషీన్లు పెద్దగా కనిపిస్తాయి గానీ పిల్లాడిని కాపాడేది గంటకోసారి పక్క మీదికి వంగి చెయ్యి పట్టుకుని నాడి, పాదాల వెచ్చదనం చూసే మనిషే.

ప్లేట్‌లెట్ నంబర్ పట్టుకుని భయపడకండి. రక్తస్రావం లేనప్పుడు కేవలం నంబర్ తగ్గిందని ఎక్కించాల్సిన అవసరం సాధారణంగా ఉండదు.

రాజమండ్రి_సుబ్బు | 12:40
మంచికే చెప్పాను సార్. ఇక్కడ 50 వేల కిందికి దిగితే వెంటనే ఎక్కిస్తున్నారు, మరి వాళ్లంతా తప్పా? కానీ గొట్టం ఉన్న పిల్లాడికి పోయమన్నది నా తప్పే. సారీ అమ్మా.

పిల్లల_డాక్టర్_కర్నూలు | 12:46
బంధువుల ఒత్తిడికి ఎక్కించేవాళ్లు ఉన్నారు సుబ్బు గారూ, కాదనను. ఎక్కించినవి కొన్ని గంటల్లోనే కరిగిపోతాయి, పైగా అదనపు ద్రవం లోపలికి వెళ్తుంది. ఇక ఆకు రసం సంగతి. వాంతులవుతున్న పిల్లాడికి చేదు రసం పట్టిస్తే ఉన్న నీళ్లు కూడా పోతాయి. ఈ సీజన్‌లో అలా వచ్చినవాళ్లని చూశాను.

వరంగల్_శ్రీను | 7:10
రాత్రంతా చదివినవన్నీ బాగున్నయ్ కానీ నేను ఒకటి చెప్త. కోపం తెచ్చుకోకండి. లోపలికి రానివ్వకపోవడమే మంచిది. మా పాపకి న్యుమోనియా తగ్గుతున్న టైంలో పక్క బెడ్ పిల్లోడి చుట్టాలు ఏడుగురు వంతులేసుకుని వచ్చిన్రు. చెప్పులతోనే. ఒకాయన దగ్గుతనే ఉన్నడు. నాలుగో రోజు మా పాపకి మళ్లీ జ్వరం, లైన్ ఇన్ఫెక్షన్, అంటే రక్తనాళంలో పెట్టిన గొట్టం నుంచి ఇన్ఫెక్షన్ అన్నరు. ఇంకో పది రోజులు ఉండాల్సొచ్చింది. వాళ్ల వల్లే అని రుజువు లేదు నాకు. కానీ ఆ తలుపు గట్టిగ మూసుంటే బాగుండని ఇప్పటికీ అనిపిస్తది.

అన్వి_నాన్న | 7:32
శ్రీను గారూ, మీ బాధ అర్థమైంది. ఏడుగురు చుట్టాలు వేరు, కన్నతల్లి వేరు.

సిస్టర్_గ్రేసీ | 8:20
నైట్ డ్యూటీ దిగాను. శ్రీను గారు చెప్పింది నిజంగా జరుగుతుంది. మా దగ్గర ఒక పెద్దాయన విభూతి నీళ్లలో కలిపి గొట్టం పక్కనుంచి పోయబోయాడు, చెయ్యి పట్టుకుని ఆపాను. ఇంకొకాయన అలారం మోగుతుంటే పాపకి నిద్ర చెడుతుందని మిషన్ బటన్ నొక్కేశాడు. ప్రేమతోనే చేశారు ఇద్దరూ.

వెంటిలేటర్ మీదున్న పిల్లలకి ఒకరికో, మహా అయితే ఇద్దరికో ఒక నర్స్ ఉండాలి. నేను ఒక్కదాన్నే నలుగురిని చూసిన రాత్రులున్నాయి. అలాంటి రాత్రి నలుగురి తల్లులు లోపలుంటే, ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్న అడిగితే, జవాబు చెప్పనా, మందు కలపనా? మందు కొలతలో చిన్న తేడా వచ్చినా పసిపిల్లకి పెద్ద తేడా. బెడ్‌కీ బెడ్‌కీ మధ్య స్టూలు పట్టని చోట్లున్నాయి. తలుపు మూసేది మా మనసు కాదు, ఆ చోటు, మనుషుల కొరత.

అయినా నా ఓటు తల్లిని లోపలుంచడానికే. ఒక్కరు, చేతులు కడుక్కుని, జుట్టు ముడేసుకుని, గాజులు తీసి. నా అనుభవంలో తల్లి పక్కనున్న పిల్లలకి మత్తుమందు కూడా తక్కువే పడుతుంది.

పిల్లల_డాక్టర్_కర్నూలు | 8:55
ఇన్ఫెక్షన్ భయం మీద ఒక మాట. నవజాత శిశువుల విభాగాల్లో తల్లిదండ్రులకి చేతులు కడగడం, పసివాడిని పట్టుకోవడం, పాలు పట్టడం నేర్పి లోపలే ఉంచే పద్ధతి ఢిల్లీలోని రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రిలో పరీక్షించి చూశారు. ఇన్ఫెక్షన్లు పెరగలేదు. తల్లిపాలు తాగే పిల్లలు పెరిగారు. 2017లో కేంద్ర ఆరోగ్యశాఖ దాని మీద మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. అది ఎస్‌ఎన్‌సీయూలకి, అంటే జబ్బు చేసిన నవజాత శిశువుల విభాగాలకి. ఐదేళ్ల పిల్లాడి పీఐసీయూకి అదే బుద్ధి ఎందుకు పనికిరాదో నాకు అర్థం కాదు. నెల వయసు లోపు బిడ్డ దగ్గర తల్లి ఉండొచ్చు, ఆర్నెల్ల బిడ్డ దగ్గర ఉండకూడదా?

మా యూనిట్‌లో పగలంతా ఒకరిని ఉండనిస్తున్నాం. మొదట్లో మా సిస్టర్లే వద్దన్నారు. ఇప్పుడు అమ్మ టీకి వెళ్తే "ఎప్పుడొస్తారమ్మా" అని అడుగుతున్నారు.

బన్నీ_వాళ్ళమ్మ | 11:25
వెళ్లొచ్చాను. పేరు చెప్పాక తల దగ్గర తెల్ల ప్లాస్టర్ మీద పెన్నుతో "బన్నీ" అని రాసి అంటించారు. కట్లు విప్పుతారా అని అడిగితే ఒక చెయ్యి విప్పారు. ముఖం ఉబ్బి గుర్తుపట్టలేకుండా ఉన్నాడు. చెయ్యి మాత్రం వాడిదే, బొటనవేలి గోరు కొరుక్కున్నది అలాగే ఉంది. ఆ వేలే పట్టుకుని కూర్చున్నాను పది నిమిషాలూ.

డాక్టర్ ఏదో చెప్పారు, సగం తలకెక్కలేదు. బయటికొచ్చాక మా అత్తయ్య అడిగితే ఏం చెప్పాలో తెలీలేదు.

షుగర్_పాప_అమ్మ | 11:40
అందరికీ అంతే. నేను చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నాను, ప్రశ్నలు ముందే రాసుకుని వెళ్లేదాన్ని. మా పాపకి తొమ్మిదేళ్లు, వారం రోజులు నీళ్లు తెగ తాగింది, మాటిమాటికీ బాత్రూమ్. ఎండాకాలం కదా అనుకున్నాం. తర్వాత కడుపునొప్పి, రొప్పడం. ఆయాసం మందులిచ్చారు ఒకచోట. రెండో చోట ఒక చిన్న డాక్టరమ్మ వేలు గుచ్చి చూస్తే మీటర్ "హై" అని చూపించింది. డీకేఏ, అంటే ఇన్సులిన్ లేక షుగర్ బాగా పెరిగి రక్తం ఆమ్లంగా మారడం అన్నారు. టైప్ 1 షుగర్. పీఐసీయూలో రెండు రోజులు నెమ్మది నెమ్మదిగా దించారు. తొందరగా దించితే మెదడు వాస్తుందట. నేను "ఇన్సులిన్ ఇంకొంచెం ఎక్కువ వేయొచ్చు కదా" అని గొడవపడ్డాను, తెలియక. రొప్పే పిల్లలకి ఒక్కసారి షుగర్ చూడమని అడగండి అందరూ. వేలు గుచ్చడానికి నిమిషం పడుతుంది.

పిల్లల_డాక్టర్_కర్నూలు | 12:10
నోట్‌బుక్ చాలా మంచి అలవాటు. బన్నీ వాళ్లమ్మగారూ, మీరు అడగాల్సినవి: మూత్రం గంటకి ఎంత వస్తోంది? కిలోకి ఒక ఎంఎల్ అటూ ఇటూ, అంటే మీవాడికి గంటకి పదహారు దాకా వస్తుంటే మంచి కబురు. బీపీ నిలబెట్టే మందు నిన్నటికంటే పెరిగిందా, తగ్గిందా? వెంటిలేటర్‌లో ఆక్సిజన్ ఎంత శాతం మీదుంది? మనం పీల్చే గాలిలో 21 శాతం ఉంటుంది. అరవై నుంచి నలభైకి దిగిందంటే పిల్లాడు ఒడ్డుకి వస్తున్నట్టే. చివరగా, "ఇవాళ మీరు ఏం సాధించాలనుకుంటున్నారు?" అని అడగండి. నన్ను ఈ ప్రశ్న అడిగిన తల్లిదండ్రుల ముందు నేను తప్పించుకోలేను.

ఫిలడెల్ఫియా_వాణి | 1:02
ఇక్కడ అమెరికాలో మా అబ్బాయి ఆస్తమాతో పీఐసీయూలో ఐదు రోజులు ఉన్నాడు. గదిలోనే సోఫా, రాత్రి దాన్ని మంచంలా చేసుకోవచ్చు. పొద్దున రౌండ్స్‌లో డాక్టర్లు మమ్మల్ని మధ్యలో నిలబెట్టి మాట్లాడారు, "అమ్మగా మీకేమనిపిస్తోంది" అని అడిగారు. దూరం నుంచి వచ్చిన తల్లిదండ్రులు ఉండటానికి రొనాల్డ్ మెక్‌డొనాల్డ్ హౌస్‌లు ఉన్నాయి, మొట్టమొదటిది 1974లో ఈ ఊళ్లోనే మొదలైంది. ఇన్సూరెన్స్ పోగా మేం కట్టింది కూడా తక్కువేం కాదు, అది వేరే సంగతి. కానీ ఆ ఐదు రాత్రులు వాడి పక్కనే ఉన్నాను. మీ పోస్ట్ చదివి ఆఫీసులో కూర్చోలేకపోయాను అక్కా.

వరంగల్_శ్రీను | 1:15
అక్కడ గదికొక్కడు. ఇక్కడ హాల్లో పన్నెండు మంది. పోల్చుకోవద్దు.

ఫిలడెల్ఫియా_వాణి | 1:21
గది గురించి నేను పోల్చట్లేదు అన్నయ్యా. "మీకేమనిపిస్తోంది" అని అడగడానికి గది అక్కర్లేదు కదా.

రెడ్‌హిల్స్_నానమ్మ | 3:30
మా ఇంటి పక్కనే హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రి. నిజాం కోడలు నీలోఫర్ రాకుమారి తన దగ్గర పనిచేసే అమ్మాయి కాన్పులో చనిపోతే తల్లడిల్లిపోయిందట. ఆ దుఃఖంలోంచే ఈ ఆసుపత్రి పుట్టింది, 1953లో మొదలైంది. నా పెద్ద మనవడు అక్కడే బతికి బయటపడ్డాడు. సాయంత్రమైతే గేటు బయట ఫుట్‌పాత్ మీద దుప్పట్లు పరుచుకుని తల్లులు, నాన్నమ్మలు. ఆదిలాబాద్ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి వచ్చినవాళ్లు. నేను చాలాసార్లు ఫ్లాస్కులో పాలు తీసుకెళ్లి ఇచ్చాను. నువ్వు ఏమన్నా తిన్నావా తల్లీ? బిడ్డ లేచేసరికి నీకు నిలబడే ఓపికుండాలి.

బన్నీ_వాళ్ళమ్మ | 3:48
ఇడ్లీ తిన్నాను నానమ్మా. ఇప్పుడే తిన్నాను, మీరడిగారని.

భద్రాద్రి_కిరణ్ | 4:40
మా అక్క కొడుకు కథ చెప్తాను. ఎనిమిదేళ్లు. నేల మీద చాప వేసుకుని పడుకున్నాడు. తెల్లారుజామున కడుపునొప్పని లేచాడు, కంటి రెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దముద్దగా వస్తోంది. ఎక్కడా గాటు లేదు. కట్లపాము. దాని కాటుకి చాలాసార్లు నొప్పీ ఉండదు, గుర్తూ కనపడదట. దగ్గర్లోని ఆసుపత్రిలో విషానికి విరుగుడు ఎక్కించారు, కానీ అప్పటికే ఊపిరి ఆగిపోతోంది. గొట్టం వేశారు, వెంటిలేటర్ ఖాళీ లేదు. భద్రాచలం నుంచి ఖమ్మం అంబులెన్స్‌లో. టెక్నీషియన్ అలిసిపోతే నా చేతికిచ్చాడు అంబూ బ్యాగ్, చేత్తో నొక్కి ఊపిరి పంపే సంచి. "నొక్కు, వదులు, ఒకటి, రెండు, మూడు, నొక్కు." రోడ్డు గుంతలు. నేను వాడి ఛాతీనే చూస్తూ నొక్కాను, లేస్తోందా లేదా అని. చెయ్యి తిమ్మిరెక్కితే ఎడమ చెయ్యి. మూడు గంటలు వంతులేసుకుని నొక్కాం.

తర్వాత ఆరు రోజులు వెంటిలేటర్. కదలలేడు, కళ్లు తెరవలేడు, కానీ అన్నీ వినిపించాయట వాడికి. కట్లపాము విషం కండరాలని ఆపేస్తుంది, తెలివిని కాదు. లేచాక చెప్పాడు, "మామా, నువ్వు అంబులెన్స్‌లో లెక్క తప్పావు, మూడు తర్వాత రెండన్నావు" అని. ఇప్పుడు ఇంటర్, లెక్కల్లో నాకంటే వాడే మేలు.

అక్కా, వినిపిస్తుందా అని అడిగారు కదా.

హౌస్‌సర్జన్_బుజ్జి | 5:05
కిరణ్ అన్నా, మీరు చేసిన పనిలోంచే ఐసీయూ అనేది పుట్టింది, తెలుసా? 1952లో డెన్మార్క్ కోపెన్‌హేగెన్‌లో పోలియో విరుచుకుపడింది. ఊపిరి కండరాలు పడిపోయిన పిల్లలు వందల్లో. మిషన్లు ఒకటీ అరా. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టర్ పన్నెండేళ్ల అమ్మాయికి గొంతు దగ్గర రంధ్రం చేయించి గొట్టం పెట్టించి చేత్తో బ్యాగ్ నొక్కి చూపించాడు, బతికింది. తర్వాత దాదాపు పదిహేను వందల మంది మెడికల్ స్టూడెంట్లు షిఫ్టులు వేసుకుని రాత్రింబవళ్లు పిల్లల మంచాల పక్కన కూర్చుని నొక్కారు, వారాల తరబడి. మూడేళ్లకి, 1955లో, స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో పిల్లలకంటూ ఐసీయూ మొదలైంది. అంటే ఐసీయూ పుట్టినప్పుడు వెంటిలేటర్ అంటే మంచం పక్కన కూర్చున్న మనిషే.

భద్రాద్రి_కిరణ్ | 5:12
నాకు తెలీదు తమ్ముడూ. రాత్రికి వాడికి చెప్తాను.

అన్వి_నాన్న | 6:15
రాయాలా వద్దా అని పొద్దుట్నుంచి ఆలోచిస్తున్నాను. బన్నీ వాళ్లమ్మగారూ, మీకు ఓపిక లేకపోతే ఇది చదవకండి. మీ బాబు కథ ఇలా కాదు, మీవాడు ఒడ్డుకి వస్తాడు.

మా అన్వికి మూడేళ్లు, మెదడువాపు. పన్నెండో రోజు రాత్రి రెండింటికి లోపల హడావుడి. తలుపుకి గుండ్రటి అద్దం ఉంటుంది కదా, అందులోంచి నలుగురు ఐదుగురు వంగి ఉండటం కనిపించింది. ఒకరు మంచం మీదికి ఎక్కి ఛాతీ మీద నొక్కుతున్నారు. మమ్మల్ని అద్దం దగ్గర్నుంచి కూడా పక్కకి జరిపారు. ముప్పావుగంట తర్వాత పిలిచారు. అప్పటికి గొట్టాలన్నీ తీసి, ముఖం తుడిచి, దుప్పటి సర్ది పెట్టారు. వాళ్లు చేయాల్సినదంతా చేశారు, నాకు ఎవరి మీదా కోపం లేదు. కానీ ఆ ముప్పావుగంటలో నా కూతురు ఇంకా వెచ్చగా ఉంది. నా భార్య చెయ్యి దాని పాదం మీద ఉండాల్సింది. ఒక స్టూలు చాలు, పాదాల దగ్గర. ఎవరికీ అడ్డం రాదు.

ఏడాదిన్నర అయింది. నా భార్య ఇప్పటికీ అడిగేది ఒకటే, "అమ్మా అని అందా?" అని. నా దగ్గర జవాబు లేదు.

వరంగల్_శ్రీను | 6:30
అన్నా.

పొద్దున నేను రాసింది పూర్తిగ వెనక్కి తీసుకోను, చుట్టాల సంగతి అట్లనే ఉంటది. కానీ తల్లికో తండ్రికో ఒక స్టూలు వేయాలె. ఆ మాట ఒప్పుకుంటున్న.

సిస్టర్_గ్రేసీ | 6:52
అన్వి నాన్నగారూ, మీ భార్యకి చెప్పండి. గొట్టం ఉన్న పిల్లలు మాట్లాడలేరు, స్వరపేటిక మధ్యలోంచి వెళ్తుంది కాబట్టి. గొట్టం ఉంటే పిలిచి ఉండదు, కాబట్టి పిలిచినా ఎవరూ పట్టించుకోలేదన్నది జరగలేదు. ఆ టైంలో మందులు నడుస్తుంటాయి, నిద్రలోనే ఉంటారు. ఇంకొకటి కూడా చెప్పండి. ముఖం తుడిచి దుప్పటి సర్దిన నర్స్ ఆ పని చేసేటప్పుడు అన్వి అని పిలుస్తూనే చేసి ఉంటుంది. మేమందరం అలాగే చేస్తాం.

అన్వి_నాన్న | 7:20
ఈ పోస్ట్ ఆమెకి చదివి వినిపించాను. చాలాసేపు ఏడ్చింది. థ్యాంక్స్ సిస్టర్.

మిత్ర_డెస్క్ | మంగళవారం 9:30
ఇది డబ్బు సంగతి, బన్నీ వాళ్లకే కాదు, చదివే అందరికీ. చేరిన రోజే కింద ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర అడగండి, ఆంధ్రాలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి పది లక్షల వరకు. వారం తర్వాత అడిగితే అప్పటిదాకా కట్టింది వెనక్కి రావడం కష్టం. పథకం కిందికి రాకపోతే ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టుకోవచ్చు, దానికి ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ కావాలి, ఒక్క కాగితం పారేయకండి. రికార్డుల కాపీ రాసి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల నిబంధనల్లోనే ఉంది. డబ్బులేక "మా ఇష్టప్రకారం తీసుకెళ్తున్నాం" అని సంతకం పెట్టబోయే ముందు ఒక్కసారి డాక్టర్‌తో నేరుగా మాట్లాడండి. ప్రభుత్వ ఆసుపత్రిలో బెడ్ ఉందో లేదో వాళ్లనే ఫోన్ చేసి కనుక్కుని, ఆక్సిజన్‌తో పంపమని అడగండి. గొట్టం తీయించుకుని ఆటోలో వెళ్లినవాళ్లని చూశాను నేను. మళ్లీ చూడాలని లేదు.

బన్నీ_వాళ్ళమ్మ | మంగళవారం 12:05
మూత్రం గంటకి ఇరవై. బీపీ మందు సగానికి తగ్గించారట. ఆక్సిజన్ నలభై. అడిగాను, అన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. డాక్టర్ నవ్వి "ఎవరు నేర్పారమ్మా" అన్నారు.

ఇంకొకటి. నా గొంతు ఫోన్‌లో రికార్డ్ చేసి ఇస్తాను, రాత్రి వినిపిస్తారా అని అడిగాను. "ఫోన్ ఎందుకు, రాత్రి తొమ్మిదికి మీరే వచ్చి పడుకోబెట్టండి, పావుగంట" అన్నారు.

రెడ్‌హిల్స్_నానమ్మ | 12:20
నా తల్లే!

షుగర్_పాప_అమ్మ | 12:22
అడిగితేనే తెలుస్తుంది. అడక్కపోతే తలుపు తలుపే.

బన్నీ_వాళ్ళమ్మ | గురువారం 10:15
గొట్టం తీసేశారు!! నిన్న సాయంత్రం. ముక్కుకి ఆక్సిజన్ ఒక్కటే ఉంది. నన్ను పిలిచారు. కళ్లు తెరిచాడు, గొంతు పూర్తిగా బొంగురుపోయింది, ఏదో అంటున్నాడు, చెవి దగ్గర పెడితే "నా చెప్పులేవి?" అంటున్నాడు. లైట్ల చెప్పులు, నడిస్తే ఎర్రగా వెలుగుతాయి. ఆ రాత్రి ఉత్త కాళ్లతో ఎత్తుకొచ్చాం. కాళ్లు చేతుల మీద ఎర్రటి దద్దురు వచ్చింది, మధ్యమధ్యలో తెల్లటి మచ్చలు, తెగ గోక్కుంటున్నాడు. భయపడ్డాను, అది తగ్గేటప్పుడు వచ్చేదేనన్నారు.

పిల్లల_డాక్టర్_కర్నూలు | 10:40
అవును, ఆ దద్దురు చూస్తే మాకు ప్రాణం లేచొస్తుంది. గొంతు రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది.

రాజమండ్రి_సుబ్బు | 10:44
చెప్పులు కొరియర్ చేయమంటారా అమ్మా, మా ఊళ్లో అవి దొరుకుతాయి. సైజు చెప్పండి. ఆకులేం పంపనులెండి.

బన్నీ_వాళ్ళమ్మ | 10:50
వద్దన్నయ్యా, వాళ్ల నాన్న ఇంటికెళ్లి తెచ్చారు. మంచం మీదే తొడుక్కుని పడుకున్నాడు, సిస్టర్లు ఒప్పుకున్నారు.

బన్నీ_వాళ్ళమ్మ | పన్నెండు రోజుల తర్వాత
ఇంటికొచ్చేశాం. తింటున్నాడు, ఆడుకుంటున్నాడు. కానీ రాత్రి రెండు మూడుసార్లు ఉలిక్కిపడి లేస్తున్నాడు. నా చెయ్యి వాడి మీద లేకపోతే ఏడుపు. నిన్న మా ఆడపడుచు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, ఆ "టింగ్" శబ్దం వినగానే మంచం కిందికి దూరిపోయాడు. ప్లాస్టర్ రోల్ చూసినా అంతే. ఇది మామూలేనా?

సిస్టర్_గ్రేసీ | అదే రోజు
మామూలే అమ్మా. ఒళ్లు ముందు ఇంటికొస్తుంది, మనసు కాస్త ఆలస్యంగా వస్తుంది. మానిటర్ శబ్దం లాంటిది ఏది విన్నా అక్కడికెళ్లిపోతారు. "ఏం కాలేదు, ఊరుకో" అనకండి. ఏం జరిగిందో వాడి భాషలో చెప్పండి: నీకు ఊపిరి కష్టమైంది, మిషన్ సాయం చేసింది, చెయ్యి కట్టింది గొట్టం ఊడిపోకుండా. బొమ్మకి సూది వేయించే ఆట ఆడనివ్వండి. మీకు కూడా నిద్ర పట్టట్లేదేమో, దాని గురించి కూడా రివ్యూలో చెప్పండి. నెల దాటినా తగ్గకపోతే పిల్లల మనసు డాక్టర్‌కి చూపించాలి.

అన్వి_నాన్న | అదే రోజు
బాబు ఇంట్లో ఉన్నాడని చదివి ఇద్దరం సంతోషపడ్డాం.

బన్నీ_వాళ్ళమ్మ | మర్నాడు
అందరం ఫోన్ల టోన్ మార్చేశాం. రాత్రి బొమ్మ ఏనుగుకి తొండంలో దారం పెట్టి "కొంచెం దగ్గొస్తుంది నాన్నా" అని చెప్తున్నాడు. అచ్చం అక్కడి సిస్టర్ గొంతు. అంటే అన్నీ విన్నాడు.

అన్వి వాళ్ల అమ్మగారికి నా నమస్కారం చెప్పండి అన్నయ్యా. రేపు రివ్యూకి వెళ్తున్నాం. ఆ సిస్టర్‌కి చూపిస్తాడట, చెప్పులు వెలుగుతాయని.